ఆన్‌రోడ్డు ధర చాటున

పల్నాటి రైతు బేరమెరుగనివాడని చెప్పువాడు ఆ సీమలో ఒక్క సంతనైనను చూచియుండడు. ఎడ్ల సంతలో కొనువాడును అమ్మువాడును కండువా క్రింద చేతులు కలిపి, నోట మాట లేకయే వ్రేళ్ల పట్టుతో వేలను వందలను చెప్పుకొని, మూడవవాని కంటబడకుండ ధర తెగగొట్టుకొను విద్య ఇక్కడ తండ్రి నుండి కొడుకునకు సంక్రమించినది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు దింపిన గురజాల రైతు కమీషనెంత, కాటా కూలి ఎంత, హమాలీ ఎంత, తాలు క్రింద కోసినదెంత అని పట్టీలోని ప్రతి పద్దును వ్రేలితో తాకి చదువుకొనిన పిదపగాని రొక్కము జేబులో పెట్టుకొనడు. అట్టివాడు పంట కలిసివచ్చిన ఏట, కొడుకు కోరిక మీదనో కూతురి పెండ్లి సందర్భముననో, మాచర్ల ప్రాంతము నుండి నూరు కిలోమీటర్లకు పైబడి వచ్చి గుంటూరులోని ఒక కారు షోరూములో అడుగుపెట్టి, అంతవరకు తన వెంట వచ్చిన ఆ విద్యనంతయు మరచి, ఎదుటివాడు చూపిన చోట సంతకము చేయుట నాకు చాలకాలముగా మనోవ్యథ కలిగించుచున్న విషయము.

ఈ మౌనమునకు కారణము బిడియము కాదు, అజ్ఞానము అంతకంటెను కాదు. ధర అతని యెదుటికి వచ్చు రూపములోనే చిక్కు కలదు. సంతలో ఎద్దునకు ఒకే ధర, ఆ ధర చెప్పువాడును ఒక్కడే. షోరూములో “ఆన్‌రోడ్డు ఎంత?” అని మనమడుగుటయు, వారొక్క అంకె చెప్పుటయు జరుగుచున్నది గాని, ఆ ఒక్క అంకెలో కారు చేసిన కంపెనీ, పన్ను వేసిన రెండు ప్రభుత్వములు, బీమా సంస్థ, అప్పిచ్చు బ్యాంకు, అమ్ముచున్న డీలరు, అందరును కలిసిపోయి యుండుటచేత ఎవరి వాటా ఎంతయో, ఎవరితో వాదింపవచ్చునో, ఎవరితో వాదించి ప్రయోజనము లేదో కొనువానికి బోధపడదు. “లాస్ట్ ఎంతకిస్తారు?” అని పట్టుబట్టినచో ఐదు వేలో పది వేలో తగ్గించి, మ్యాట్లు ఉచితమని చెప్పి, సీటు కవర్లు చేర్చి సంతోషపెట్టి పంపెదరు. ఆ తగ్గించిన మొత్తము వేరొక పద్దులో అంతకుముందే చేరియున్నదేమో అని ఆ సంతోషములో ఎవ్వరును చూడరు. కారు కొనువాడు తగ్గింపు అడుగుటకు ముందు పద్దు అడుగవలెననియు, దేనికెంతయో విడదీసి వ్రాసిన కాగితము చేతికి రానిదే బేరము మొదలే కాలేదని తలపవలెననియు నా దృఢాభిప్రాయము.

ఆ కొటేషన్ కాగితమును ఒకసారి వెలుతురున పెట్టి చూడుడు. మొదటిది ఎక్స్‌షోరూము ధర. కంపెనీ ప్రకటించునది ఇదియే, జీఎస్టీ ఇందులోనే ఇమిడియున్నది. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లపై ఈ పన్ను సెస్సు లేకుండ 18 శాతమునకు దిగివచ్చినది. పెద్దకార్లకు 40 శాతముగా నిర్ణయింపబడినది. ట్రాక్టర్లకు 12 నుండి 5 శాతమైనది. తగ్గిన పన్ను కొనువానికి చేరినదా లేదా అని విచారించుటకు వెనుక ఒక ప్రత్యేక యంత్రాంగముండెడిది గాని, 2025 ఏప్రిల్ 1 తరువాత క్రొత్త ఫిర్యాదులు స్వీకరింపరాదని అంతకుముందే నిర్ణయము జరిగియుండుటచేత, నేడు కొనువాని చేతిలోని ఇన్వాయిసు తప్ప వేరు సాక్ష్యము లేదు. రెండవది లైఫ్ టాక్సు. ఇది రాష్ట్ర రవాణా శాఖకు పోవునది. దీనిని డీలరు తగ్గింపలేడు, పెంపనుజాలడు. కట్టిన పిదప ప్రభుత్వ రసీదు వచ్చును గనుక ఆ రసీదులోని మొత్తమును కొటేషన్‌లోని మొత్తముతో సరిచూచి, తేడా యున్నచో అది ఎవరికి చేరినదో నిలదీయుటకు కొనువానికి పూర్తి హక్కు కలదు.

కారు వెల 10 లక్షలు దాటినయెడల నూటికొక రూపాయి చొప్పున టీసీఎస్ అను మరియొక వసూలు కలదు. 2016 జూన్ 1 నుండి అమలులో ఉన్న ఈ నిబంధన క్రింద కట్టినది నిజమునకు ఖర్చు కాదు. అది కొనువాని పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను ఖాతాలో జమపడి, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటగును, లేదా తిరిగివచ్చును. సేద్యము తప్ప వేరాదాయము లేని రైతునకు రిటర్ను వేయు అలవాటు సాధారణముగా ఉండదు. అందుచేత 12 లక్షల కారు కొన్న మిర్చి రైతు తనకు న్యాయముగా రావలసిన 12,000 రూపాయలను ప్రభుత్వము వద్దనే వదలివేయుచున్నాడు. ఆ మాట అతని చెవిని వేయుట అమ్మువానికి క్షణములో పని. అయినను ఆ క్షణమును వెచ్చించువారు అరుదు.

తరువాతిది ఇన్సూరెన్సు. ఇందులో రెండు భాగములు కలవు. థర్డ్ పార్టీ భాగమునకు రేటు ప్రభుత్వము నిర్ణయించునది గనుక ఏ కంపెనీ దగ్గరనైనను ఒక్కటే. సర్వోన్నత న్యాయస్థానపు ఆదేశము మేరకు 2018 సెప్టెంబరు నుండి క్రొత్త కారునకు దీనిని మూడేండ్లకు ఒక్కసారే కట్టవలసియున్నది. 2022 జూన్ 1న అమలులోనికి వచ్చిన పట్టిక ప్రకారము ఆ మూడేండ్ల ప్రీమియము 1000 సీసీకి మించని కారునకు 6,521 రూపాయలు, 1000 దాటి 1500 సీసీ వరకు 10,640 రూపాయలు. రెండవదగు సొంత నష్టపు భాగమునకు మాత్రము కంపెనీకొక రేటు, బ్రోకరుకొక రేటు. ఒకే కారునకు ఒకే భద్రతకు కంపెనీని బట్టి వేల రూపాయల తేడా వచ్చుట సాధారణము. బీమా మా వద్దనే తీసికొనవలెను అని నిర్బంధించు అధికారము డీలరునకు లేదు. డీలర్ల ద్వారా బీమా అమ్మకమునకు బీమా నియంత్రణ సంస్థ 2017లో విధించిన మార్గదర్శకముల ప్రకారము పాలసీ ఎన్నుకొను స్వేచ్ఛ కొనువానిదే. నరసరావుపేటలో గాని పిడుగురాళ్లలో గాని తనకు తెలిసిన ఏజెంటు చేత ముందుగా ఒక రేటు వ్రాయించుకొని పోయినచో, షోరూములోని బీమా రేటు అప్పటికప్పుడు దిగివచ్చుట నేను కన్నులార చూచినాను.

ఇక హ్యాండ్లింగ్ చార్జీలు. కొందరు దీనిని లాజిస్టిక్స్ అందురు, మరికొందరు ఇన్సిడెంటల్ అందురు; పేరు మారినను వసూలు మారదు. యార్డు నుండి బండి తెచ్చినందుకు, కడిగినందుకు, ఆర్టీవో కార్యాలయము చుట్టు తిరిగినందుకు అని వెనుక కారణము చెప్పెడివారు. యార్డు నుండి తన దుకాణమునకు సరకు తెచ్చుకొనుట అమ్మువాని పని, దానికిగాను కంపెనీ అతనికి లాభము విడిచినది. నంబరు ప్లేట్లు 2019 ఏప్రిల్ 1 నుండి కంపెనీయే సమకూర్చుచున్నది, రిజిస్ట్రేషను పత్రములు షోరూము నుండియే ఆన్‌లైనులో పోవుచున్నవి. అయినను వసూలు ఆగలేదు. దీనిని గురించి రవాణా శాఖల హెచ్చరికలు ఎన్నియో వచ్చినవి, వినియోగదారుల కమిషన్ల తీర్పులు వచ్చినవి. వచ్చిన కొన్నాళ్లు ఆ పద్దు కాగితము మీదినుండి మాయమై, మరల వేరొక పేర మొలుచుచున్నది.

ఈ పద్దును గురించి ఒకసారి షోరూములో ఒక పెద్దాయన నడిపిన సంభాషణను నేను ప్రక్క కుర్చీలో కూర్చుండి విన్నాను. మనిషి గురజాల వైపువాడు, తెల్లపంచె, భుజము మీద కండువా.

“ఈ హ్యాండ్లింగేందబ్బాయ్?”

“అది అందరికీ ఉండేదేనండి బాబాయ్‌గారూ. కంపెనీ పెట్టింది, మేం తీసేయడానికి లేదు.”

“కంపెనీ పెట్టిందైతే కంపెనీ బిల్లులోనే రాయి. జీఎస్టీ వేసి, సీలేసి ఇయ్యి. ఇచ్చేస్తా.”

కుర్రవాడు లోపలికి పోయి మేనేజరుతో మాట్లాడి వచ్చినాడు. పద్దు కొట్టివేయబడినది. పెద్దాయన గొంతెత్తలేదు, తగ్గింపు అడుగలేదు, చట్టము పేరెత్తలేదు. బిల్లులో వ్రాయుమని మాత్రమే అన్నాడు. ఆ ఒక్క మాటలో ఈ వ్యవహారమునకు సంబంధించిన న్యాయశాస్త్రమంతయు ఇమిడియున్నదని నా విశ్వాసము. ఎట్లనగా, సరకుతో కూడ అమ్మువాడు వసూలు చేయు అనుబంధపు ఖర్చులు సైతము సరకు విలువలో చేరి పన్నునకు లోబడవలెనని జీఎస్టీ చట్టములోని 15వ సెక్షను చెప్పుచున్నది. ఆ వసూలు న్యాయమైనదేయైనచో ఇన్వాయిసులో వ్రాసి పన్ను కట్టుటకు డీలరునకు జంకెందుకు? సీలు లేని తెల్లచీటీ మీద వ్రాసి నగదుగా పుచ్చుకొనుచున్నాడనగా దాని న్యాయము మీద అతనికే నమ్మకము లేదన్నమాట. మరియు, అమ్మిన సరకునకు బిల్లు ఇయ్యకపోవుటయే అనుచిత వ్యాపార విధానమని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్పష్టముగా పేర్కొన్నది.

యాక్సెసరీల కిట్టు, టెఫ్లాన్ కోటింగు, ఎక్స్‌టెండెడ్ వారంటీ మొదలగువాని కథ కొంచెము భిన్నము. ఇవి నిజముగా వస్తువులే, సేవలే. కొన్ని పనికివచ్చునవియు కలవు. వారంటీ పొడిగింపును నేను తప్పుపట్టను. కాని “ఈ కిట్టు తీసుకుంటే వారంలో బండి, లేకుంటే రెండు నెలలు” అన్నప్పుడు అది అమ్మకము కాదు, నిర్బంధము. ఒక వస్తువు కొనుటకు మరియొక వస్తువు కొనవలెనను షరతు పెట్టుట, బట్వాడాను తారుమారు చేసి కొనువాని మీద అనుచిత భారము మోపుట, రెండును అదే చట్టము ప్రకారము నిర్బంధ వ్యాపార విధానములు. ఈ జబ్బు కొరత ఉన్నప్పుడెల్ల ముదురును. లైసెన్సుల కాలములో కార్లకును స్కూటర్లకును ఏండ్ల తరబడి వరుసలుండి, అలాట్‌మెంటు కాగితము మీదనే ప్రీమియము పలికిన దినములు మన పెద్దవారికి జ్ఞాపకమే. 1983లో మారుతి వచ్చినది. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు విధానము తొలగినది. పోటీ పెరిగినకొలది ఆ ప్రీమియము నశించినది. మరల 2021, 2022లలో సెమీకండక్టర్ల కొరత వలన కొన్ని రకముల బండ్లకు నెలల తరబడి నిరీక్షణ ఏర్పడినప్పుడు పాత ప్రీమియమే కిట్టు రూపమున వెనుకకు వచ్చినది.

డీలరును మాత్రమే దోషిగా నిలుపుట న్యాయము కాదు. బేరమాడనిచ్చు స్వేచ్ఛ అతనికే పూర్తిగా లేని సందర్భములు కలవు. 2021 ఆగస్టు 23న భారత పోటీ కమిషను మారుతి సుజుకి సంస్థకు 200 కోట్ల రూపాయల జరిమానా విధించినది. కంపెనీ నిర్ణయించిన హద్దునకు మించి ఏ డీలరును తగ్గింపు ఇయ్యరాదని కట్టడి చేసినట్లును, కొనువారివలె నటించు మనుష్యులను షోరూములకు పంపి, ఎక్కువ తగ్గించినవారిని పట్టి, డీలరుకే కాక అక్కడ పనిచేయు ఉద్యోగులకు సైతము జరిమానాలు వేయించినట్లును కమిషను తేల్చినది. కంపెనీ దానిపై అప్పీలుకు పోయినది. అంతకు పూర్వము 2017లో హ్యుందాయి సంస్థకు ఇటువంటి ఆరోపణ మీదనే 87 కోట్లు విధింపగా, మరుసటి ఏట అప్పీలు ట్రిబ్యునల్ దానిని కొట్టివేసినది. ఏ కేసు ఎట్లు ముగిసినను, “మా చేతుల్లో లేదు సార్” అను మాటలో ఒక్కొక్కప్పుడు సత్యముండునని గ్రహింపవలెను. పైగా కంపెనీలు లక్ష్యములు పెట్టి బండ్లను డీలరు మీదికి నెట్టుచుండును, ఆ నిలువకు వడ్డీ డీలరు కట్టుకొనవలెను. 2024 పండుగల ముందు షోరూములలో నిలువ 80 రోజులు దాటినదని డీలర్ల సమాఖ్యయే బహిరంగముగా మొరపెట్టుకొన్నది. నిలువ పేరుకొన్న ఆ కాలమే కొనువానికి అదను. డిసెంబరు చివర ఆ ఏటి బండిని అమ్ముకొనవలెనను ఆతురత డీలరునకుండును. ఫారం 21 అను అమ్మకపు ధ్రువపత్రములో తయారైన నెల, సంవత్సరము వ్రాయబడియుండును గనుక, జనవరిలో కొనువాడు దానిని చూడక డబ్బు కట్టరాదు.

అప్పు సంగతి ఇంకను గహనము. పల్నాటిలో వడ్డీ మాట్లాడునప్పుడు నూటికి నెలకు రూపాయా, రూపాయిన్నరా, రెండా అని అడుగుదురు. ఆ లెక్క పసివానికి సైతము తెలియును. షోరూములోని ఫైనాన్సు బల్ల వద్ద మాత్రము “ఫ్లాట్ ఎనిమిది శాతమే” అని చెప్పినచో ఆ లెక్క తప్పిపోవును. ఫ్లాటు పద్ధతిలో, తీర్చివేసిన అసలు మీద కూడ ఐదేండ్లు వడ్డీ కట్టుచునే యుందుము. 8 శాతము ఫ్లాటుతో ఐదేండ్లకు తీసికొన్న అప్పు నిజముగా 14 శాతము పైచిలుకు వడ్డీ పడును, అనగా మన భాషలో నూటికి నెలకు రూపాయి పద్దెనిమిది పైసలు. అది అన్యాయపు వడ్డీ అని నేననను. దానిని ఎనిమిదిగా చెప్పుట అన్యాయము. ఈ మరుగును తొలగించుటకే రిజర్వు బ్యాంకు, 2024 అక్టోబరు 1 నుండి ప్రతి చిల్లర అప్పునకును వార్షిక వడ్డీని, సకల రుసుములను ఒకే చోట చూపు ముఖ్యాంశముల పత్రము ఇయ్యవలెననియు, అది అప్పు తీసికొనువానికి తెలిసిన భాషలో ఉండవలెననియు ఆదేశించినది. బ్యాంకు ద్వారమున నిలిచి తెలుగులో ఆ కాగితము కోరు హక్కు మాచర్ల రైతునకు ఇప్పుడు కలదు.

అప్పు పత్రమునకు ఉన్న ఈ నియమము కారు ధర పత్రమునకు ఏల ఉండరాదు? పది రూపాయల బిస్కెట్టు పొట్లము మీద గరిష్ఠ చిల్లర ధర ముద్రింపవలెనని చట్టము. ఎనిమిది లక్షల కారు పొట్లములో కట్టిన సరకు కాదు గనుక దాని మీద ఏమియు లేదు. అమెరికాలో 1958 నుండి ప్రతి క్రొత్తకారు అద్దము మీదను కంపెనీ సూచించిన ధర, రవాణా ఖర్చు, చేర్చిన సరంజామా ధర ముద్రించి అంటింపవలెనని చట్టము కలదు. ఆ బిల్లు తెచ్చిన సెనేటరు పేర దానిని మన్రోనీ స్టిక్కరు అందురు. చిప్పుల కొరత కాలములో అక్కడి డీలర్లును దాని మీద వేల డాలర్లు చేర్చి అమ్మిరి. మన ప్రవాసాంధ్రులును ఆ భారము మోసిరి. దాచిన రుసుములను అరికట్టుటకు అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషను 2023 డిసెంబరులో తెచ్చిన నియమమును 2025 జనవరిలో న్యాయస్థానము కొట్టివేసినది. స్టిక్కరు ధరను ఆపలేదు, నిజమే. కాని ఎంత ఎక్కువ పెట్టుచున్నాడో కొనువానికి తెలిసెను. మనవానికి ఆ పాటి తెలివిడి కూడ దక్కుటలేదు.

ఒకప్పుడు రైతు అమ్ముకొనుచోటను ఇట్లే ఉండెడిది. ధర ఒకటి చెప్పి, నమూనాకని ఇంత, ధర్మమునకని ఇంత, తరుగని ఇంత కోసి మిగిలినది చేతిలో పెట్టెడివారు. 1928లో రాయల్ వ్యవసాయ కమిషను ఆ కోతలను ఎత్తిచూపినది. 1933లో మదరాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టము, 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టము వచ్చినవి. ఏది కోయవచ్చునో ఏది కోయరాదో వ్రాసి, అది తప్ప ఇతరము చెల్లదన్నవి. యార్డులో నేడును లోపములు లేకపోలేదు, కాని పట్టీ ఉన్నది, పట్టీ మీద తగవులాడు హక్కు ఉన్నది. అమ్ముకొనునప్పుడు రైతునకు ఇంత పోరాటము మీద లభించిన ఆ రక్షణ, అతడే కొనువాడై షోరూమునకు పోయినప్పుడు వర్తింపకపోవుట నాకు సహింపరానిదిగా తోచుచున్నది. రాష్ట్ర రవాణా శాఖ తలచుకొన్నచో ప్రతి డీలరును తెలుగులో ఒకే నమూనాలో ధర పత్రము ఇయ్యవలెనని, దానిపై డీలరును కొనువాడును సంతకము చేయవలెనని, ఆ పత్రము లేనిదే రిజిస్ట్రేషను జరుగదని నియమము చేయవచ్చును. దానికి ప్రభుత్వమునకగు ఖర్చు స్వల్పము. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలోనే దీనిని మొదట ప్రయత్నించినచో నేను మిక్కిలి సంతోషింతును.

అంతవరకు కొనువాడు తన కాగితములను తానే కాపాడుకొనవలెను. కోటప్పకొండకు బండిని తీసికొనిపోయి పూజ చేయించిన నాటి సాయంకాలమే కొటేషను, బుకింగు రసీదు, ఇన్వాయిసు, లైఫ్ టాక్సు రసీదు, బీమా పాలసీ ప్రక్కప్రక్కన పరచి కూడిచూడవలెను. కూడికలో తేలని మొత్తమేదైనను ఉన్నచో మొదట డీలరునకు వ్రాతమూలకముగా తెలిపి, జవాబు లేనిచో వినియోగదారుల సహాయవాణి 1915 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవలెను. దానితోను తేలకున్నచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. షోరూము విజయవాడలో ఉన్నను విజయవాడకు పోనక్కరలేదు. కొనువాడు నివసించు ప్రాంతపు కమిషనులోనే దావా వేయుటకు 2019 చట్టము వీలు కల్పించినది. గడువు రెండేండ్లు. 5 లక్షలకు పైబడి 10 లక్షలలోపు వెల కట్టిన బండికి ఫిర్యాదు రుసుము 200 రూపాయలు. వకీలును పెట్టుకొనక తానే వాదించుకొనవచ్చును. హ్యాండ్లింగ్ పేర వ్రాసియిచ్చిన ఆ సీలు లేని తెల్లచీటీని మాత్రము చింపి పారవేయక దాచియుంచవలెను, కమిషను ముందు మొదట చూపవలసినది అదియే.